ఇంట్లో ఉండి సొంతంగా కొరియన్ నేర్చుకోవడం ఎట్టా? నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి

మూలాపేట మల్లి:
అందరికీ నమస్తే. మాది నెల్లూరు, బీకాం రెండో సంవత్సరం. కొరియన్ నేర్చుకోవాలని ఎప్పట్నుంచో ఉంది. డ్రామాలు చూసి పుట్టిన పిచ్చే, దాచడానికేముంది. తడ దగ్గర శ్రీసిటీలో కొరియా కంపెనీ ఎల్జీ ఫ్యాక్టరీకి 2025 మేలో శంకుస్థాపన అయింది కదా, ఆ వార్త చూపించి నాన్నని ఒప్పించా. ఊళ్ళో చెప్పేవాళ్ళు నాకు దొరకలేదు, చెన్నైలో హాస్టల్లో ఉండి నేర్చుకునే స్తోమత లేదు. వీడియోలు చూస్తూ మాటలన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుంటున్నా. నోట్‌బుక్ నిండొచ్చింది గానీ సబ్‌టైటిల్స్ తీసేస్తే ఒక్క ముక్క చెవికెక్కడం లేదు. పొద్దున కాలేజీకి ముందు ఒక గంట తీరిక ఉంటుంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

తడ నైట్ షిఫ్ట్:
ముందు ఆ నోట్‌బుక్ అటక మీద పడేయ్ చెల్లీ. గొడవంతా దాంట్లోనే ఉంది. కొరియా రాజధానిని మన పేపర్లు సియోల్ అని రాస్తాయి. ఇంగ్లిష్ స్పెల్లింగులో ఎస్ పక్కన ఈ, ఓ ఉన్నాయి కాబట్టి ‘సియో’ అని చదివేశారు. కొరియన్‌లో ఆ రెండూ కలిసి ఒకటే అచ్చు. వాళ్ళు పలికేది ‘సొఉల్’. శామ్‌సంగ్‌ని ‘సమ్‌సొంగ్’ అంటారు, మూడు నక్షత్రాలని అర్థం. హ్యుందాయ్ వాళ్ళ నోట ‘హ్యొందె’. నువ్వు ‘సియో’ అని బట్టీ కొట్టిన మాటని అవతలి మనిషి ‘సొ’ అంటుంటే చెవికి ఎట్టా ఎక్కుద్ది?

నేను ఒక కొరియన్ కంపెనీలో లైన్ సూపర్‌వైజర్‌ని. పండితుణ్ణి కాదు, పని నడిచేంత వచ్చు. లిపితో మొదలుపెట్టు, మిగతావన్నీ తర్వాత.

లాయర్‌పేట లైబ్రరీ:
తడ అన్న చెప్పిందే నా మాట కూడా. లిపి పేరు హంగుల్. సెజోంగ్ రాజు 1443లో రూపొందించి 1446లో ప్రజలకు ప్రకటించాడు. అంతకుముందు చైనా అక్షరాలతో రాసేవాళ్ళు, అవి మామూలు జనానికి అందేవి కావు. మూల అక్షరాలు 24 ఉన్నాయి, హల్లులు 14, అచ్చులు 10. జంట హల్లులు, కలిపి పలికే అచ్చులు కూడా లెక్కేస్తే 40. మన అక్షరమాల దిద్దినవాళ్ళకి ఇదో లెక్కా!

హల్లుల ఆకారాలకి కారణం ఉంది. ‘న’ అక్షరం ఇంగ్లిష్ ఎల్ లాగా ఉంటుంది, న అనేటప్పుడు నాలుక కొన పైకి లేచే తీరు అది. ‘మ’ ఒక చిన్న చతురస్రం, అది నోరు. ‘క’కి ఇంకో గీత చేరిస్తే ‘ఖ’. ఇంగ్లిష్‌లా అక్షరాలు వరసగా పేర్చరు. హల్లు, అచ్చు, కావాలంటే కింద మరో హల్లు, మూడింటినీ ఒకే గడిలో సర్దుతారు. ఇంగ్లిష్ వాళ్ళకి ఇది వింత. ‘స్త్రీ’ అని ఒకే అక్షరంలో మూడు హల్లులు కుక్కే మనకి వింతేముంది?

వాళ్ళ పిల్లలకీ గుణింతం ఉంది, ‘గ గ్య గొ గ్యొ’ అని సాగుతుంది. 1926లో ఈ లిపికి ఒక పండగ మొదలుపెట్టినప్పుడు దానికి పెట్టిన పేరు ‘గగ్యా రోజు’. అంటే గుణింతాల రోజే! ఇప్పుడు దక్షిణ కొరియాలో అక్టోబర్ 9న హంగుల్ దినంగా చేస్తున్నారు, సెలవు కూడా.

కావలి కుర్రోడు:
లిపి ఒక్క పూటలో వచ్చేస్తుందని వీడియోల్లో ఊదరగొడతారు. నిజమేనా అక్కా?

లాయర్‌పేట లైబ్రరీ:
గుర్తుపట్టడం వారంలో వస్తుంది. తడుముకోకుండా చదవాలంటే రెండు మూడు నెలలన్నా రోజూ పైకి చదవాల్సిందే. ఫోన్ కీబోర్డులో కొరియన్ చేర్చుకో. హల్లులు ఎడమ చేతి వైపు, అచ్చులు కుడి చేతి వైపు ఉంటాయి. ఇంట్లో వాళ్ళ పేర్లు, ఊళ్ళ పేర్లు కొట్టి చూడు. ‘కావలి’ అని కొట్టబోతేనే వాళ్ళకి ‘వ’ అనే హల్లు లేదని తెలుస్తుంది.

మైపాడు గాలి:
నాదొక మాట. ఇంగ్లిష్ వద్దంటే తెలుగులో రాసుకుంటే సరిపోతుంది కదా? మన లిపిలో పలకని శబ్దం లేదు. నేను మొత్తం తెలుగులోనే రాసుకుని నేర్చుకుంటున్నా, హాయిగా ఉంది. ఎందుకు అనవసరంగా భయపెడతారు?

తడ నైట్ షిఫ్ట్:
తమ్ముడూ, ఈ థ్రెడ్‌లో మనం తెలుగులో రాస్తున్నది మాట్లాడుకోవడానికి. నేర్చుకోవడానికి పనికిరాదు. వాళ్ళకి ‘ఒ’ లాంటి అచ్చులు రెండున్నాయి. ఒకటి పెదాలు గుండ్రంగా చుట్టి పలికేది, రెండోది పెదాలు వదిలేసి, అ-కీ ఒ-కీ మధ్యలో పలికేది. సొఉల్‌లో వచ్చేది ఈ రెండోదే. కాఫీని ఈ రెండో ఒ-తో ‘కొపి’ అంటారు. అదే పెదాలు గుండ్రంగా చుట్టి ‘కొపి’ అన్నావనుకో, ముక్కులోంచి కారే రక్తం. తెలుగులో రెండూ ఒకేలా రాస్తావు. క్యాంటీన్లో ఏది అడుగుతావో నీ ఇష్టం.

మైపాడు గాలి:
😂 సరే అన్నా. ఒప్పుకున్నా.

సూళ్ళూరుపేట సుబ్బు:
శబ్దాల మాట వచ్చింది కాబట్టి ఇంకో రెండు. మాది తమిళ సరిహద్దు, ఇంట్లో తమిళం కూడా నడుస్తుంది. కొరియన్‌లో పెదాలు సాగదీసి పలికే ‘ఉ’ ఒకటుంది. తమిళంలో ‘ఎనక్కు’ అనేటప్పుడు చివర సగం మింగేసే ఉ ఉంటుందే, దాదాపు అదే. తమిళం చెవిన పడ్డవాళ్ళకి వెంటనే దొరుకుతుంది.

రెండోది, క లాంటి హల్లులు మూడు. మామూలుది, గాలి వదిలేది, బిగించేది. ఇంగ్లిష్ వీడియోల్లో ఆ బిగించే దాని గురించి గంట సేపు చెప్తారు, గొంతు బిగబట్టండి అదీ ఇదీ అని. మనం ‘కాకి’, ‘పాప’, ‘తాత’ అనేటప్పుడు వచ్చే క, ప, త దానికి బాగా దగ్గర. అందుకని అది మనకి సులువు. చిక్కంతా మిగతా రెండింటితో. మామూలు క మాట మొదట్లో కొంచెం గాలితో వస్తుంది, అచ్చుల మధ్య పడితే గ అయిపోతుంది. బూసాన్ అనే ఊరి పేరు వాళ్ళు చెప్తుంటే పూసాన్ అన్నట్టు వినపడేది అందుకే. గాలి వదిలేదానికి ఖ, ఫ, థ నిజంగా ఒత్తి పలకాలి. మనం రాతలో ఖ రాస్తాం గానీ నోటితో క అనేస్తాం, అక్కడ జాగ్రత్త.

అవునని చెప్పే ‘నే’ కూడా చాలాసార్లు ‘దే’ అన్నట్టు వినిపిస్తుంది. కొత్తవాళ్ళు కంగారు పడొద్దు.

కనిగిరి మాస్టారు:
నేను పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుణ్ణి. మా మనవరాలు ఈ భాష నేర్చుకుంటూ ఉంటే పక్కన కూర్చుని వింటూ అలవాటు పడ్డాను. ఆ పిల్ల ఒకరోజు విసుక్కుంది, ‘తాతయ్యా, రాసేది హప్‌నిదా, పలికేది హమ్‌నిదా, ఇదేం భాష’ అని. అమ్మా, ఇది అనునాసిక సంధి. జగత్ పక్కన నాథుడు వస్తే జగన్నాథుడు కాలేదా? ప్ పక్కన న వస్తే మ్ అవుతుంది. పులుసుకి వాళ్ళ మాట రాతలో ‘కుక్‌ముల్’, నోట్లో ‘కుఙ్‌ముల్’. వాక్ పక్కన మయం చేరి వాఙ్మయం అయినట్టే, అక్షరం పొల్లుపోకుండా. పదో తరగతి సంధులు గుర్తున్నవాళ్ళకి కొరియన్ ఉచ్చారణ నియమాల్లో చాలా భాగం చుట్టపు చూపే.

వ్యాకరణం సంగతి సరేసరి. కర్త, కర్మ, క్రియ, అదే వరస. విభక్తులు మాట వెనక తగిలిస్తారు. ‘నేను తిన్న అన్నం’ అనడానికి మనం ఎలా ‘తిన్న’ను ముందు పెడతామో వాళ్ళూ అంతే. ‘తిని చూడు’ అన్నదానికి వాళ్ళూ తినడం పక్కన చూడడమే పెడతారు. ‘తినేశాడు’ అనేదాంట్లో మనకి ‘వేయు’ ఉంది, వాళ్ళకి అక్కడ పారేయడం అనే క్రియ వస్తుంది. వెళ్ళలేదు, వెళ్ళలేకపోయాను అనే తేడా కూడా వాళ్ళ భాషలో స్పష్టంగా ఉంది. ‘మా ఇల్లు’, ‘మా ఆయన’ అని మనం అన్నట్టే వాళ్ళూ ‘ఉరి’ అంటారు, అయితే మన, మా అనే తేడా వాళ్ళకి లేదు. పైగా క్రియ చివర నేను, నువ్వు, వాడు అని మార్చక్కర్లేదు. తిన్నాను, తిన్నావు, తిన్నాడు, అన్నిటికీ ఒకటే రూపం.

కాబట్టి ఇంగ్లిష్ పుస్తకం చూసి ఇంగ్లిష్‌లో అర్థం చేసుకుని మళ్ళీ తెలుగులోకి తెచ్చుకోవడం దండగ. వాక్యాన్ని నేరుగా తెలుగులోకి దించి చూడండి.

మూలాపేట మల్లి:
మాస్టారూ, ఇంత దగ్గరగా ఉంటుందని నాకు తెలీదు! అమెరికా విదేశాంగ శాఖ లెక్క ప్రకారం కొరియన్‌కి 2,200 క్లాసు గంటలు పడుతుందని చదివి బెదిరిపోయా.

లాయర్‌పేట లైబ్రరీ:
ఆ లెక్క ఇంగ్లిష్ మాట్లాడే దౌత్యోద్యోగుల కోసం వేసింది మల్లీ. మనకి అతికించుకోవడం ఎందుకు?

కావలి కుర్రోడు:
అమ్మని ‘ఒమ్మా’, నాన్నని ‘అప్పా’ అంటారు కదా. మనమూ కొరియన్లూ ఒకే జాతి అని ఒక రీల్‌లో చూశా. నిజమా మాస్టారూ?

కనిగిరి మాస్టారు:
నాయనా, అమ్మ, అప్ప లాంటి మాటలు పసిపిల్లల నోటికి తేలిగ్గా వచ్చే శబ్దాలు. లోకంలో ఎన్నో భాషల్లో అలాగే ఉంటాయి. హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ 1905లోనే కొరియన్‌ని ద్రావిడ భాషలతో పోల్చి వ్యాకరణం రాశాడు. తర్వాతి భాషావేత్తలు ఆ చుట్టరికాన్ని ఒప్పుకోలేదు. పోలిక నేర్చుకోవడానికి వాడుకో, వంశవృక్షం గీయకు.

మనకి లేనిది కూడా ఒకటి చెప్పాలి. మనం కర్తకి ఏ ప్రత్యయమూ పెట్టం, ‘రాముడు వచ్చాడు’ అంటే చాలు. వాళ్ళు పెడతారు, అదీ రెండు రకాలు. ‘ఇ, గ’ ఒక జత, ‘ఉన్, నున్’ ఒక జత. రెండో జత కొంచెం మన ‘అయితే’ లాంటిది. ‘నేనైతే అన్నమే తింటా’ అన్నప్పటి విరుపు. ఎక్కడ ఏది పెట్టాలో సూత్రం బట్టీ పడితే రాదు, వినగా వినగా వస్తుంది.

దర్శి దారి:
అంకెల గురించి ఎవరూ అనలేదు. వాళ్ళకి లెక్కపెట్టడానికి రెండు వరసలు. సొంత వరస హనా, తుల్, సేత్. చైనా నుంచి వచ్చిన వరస ఇల్, ఇ, సమ్. గంటలు సొంత వరసలో, నిమిషాలు చైనా వరసలో చెప్పాలి, మూడున్నర అంటే ‘సె షి సమ్‌షిప్ పున్’. వయసుకి సొంత వరస, డబ్బుకి చైనా వరస. మనం ఒకటి రెండు అని లెక్కపెడుతూనే విదియ, తదియ, ఏకాదశి అనడం లేదూ? అట్టాగే అనుకోండి.

పెద్ద అంకెలు వాళ్ళు పదివేల చొప్పున కడతారు. పదివేలు ఒక ‘మన్’. పది మన్‌లు లక్ష, వెయ్యి మన్‌లు కోటి. ఇంగ్లిష్ వాళ్ళు మిలియన్లలోకి మార్చుకోలేక కొట్టుకుంటారు. మనకి లక్ష, కోటి దగ్గర సరిగ్గా కలుస్తాయి.

మూలాపేట మల్లి:
మరి డ్రామాలు చూడొద్దా? నాకు ఉన్న ఓపికంతా వాటి వల్లే.

తడ నైట్ షిఫ్ట్:
చూడు. కానీ అందులో మాటలు అట్టాగే తీసుకెళ్ళి పెద్దవాళ్ళ ముందు వదలొద్దు. మా లైనులో కొత్తగా చేరిన కుర్రాడిని కొరియన్ మేనేజర్ పేరు పెట్టి పిలిచాడు. వీడు హుషారుగా ‘వే?’ అన్నాడు. డ్రామాలో ఫ్రెండ్స్ అట్టాగే అంటారు మరి. మన తహసీల్దారు పిలిస్తే ‘ఏందిరా’ అన్నట్టుంది. మేనేజర్ మంచోడు కాబట్టి నవ్వేశాడు, పక్కనున్న ట్రాన్స్‌లేటర్‌కి మాత్రం చెమటలు పట్టాయి. ‘నే’ అంటే సరిపోయేది.

మొదటి ఆరు నెలలు చివర ‘యో’ వచ్చే రూపాలే నేర్చుకో. మన ‘అండి’ అనుకో. ఎవరితోనైనా ఇబ్బంది ఉండదు. స్నేహితుల భాష తర్వాత దానంతటదే వస్తుంది.

ఇంకో మాట ‘కెన్‌చనయో’. అర్థం పర్లేదు. మనం ‘కాఫీ తాగుతారా’ అంటే ‘పర్లేదండీ’ అంటాం చూడు, తాగుతారో వద్దంటున్నారో మొహం చూసి తెలుసుకోవాలి. అదీ సేమ్.

లాయర్‌పేట లైబ్రరీ:
డ్రామాతో నేను చేసేది చెప్తా. ఎపిసోడ్ మొత్తం పెట్టుకోను. ఒక నిమిషం ముక్క తీసుకుంటా, ఇంట్లోనో హోటల్లోనో ఇద్దరు మామూలుగా మాట్లాడుకునేది. కోర్టు సీన్లు, రాజుల కథలు వద్దు. ముందు ఏ సబ్‌టైటిల్స్ లేకుండా వింటా. తర్వాత కొరియన్ సబ్‌టైటిల్స్ పెట్టి, ఎక్కడ చెవి తప్పిందో చూస్తా. చాలాసార్లు మాట తెలిసిందే ఉంటుంది, సంధిలో కరిగిపోయి ఉంటుంది. చివరగా వాళ్ళతో పాటే గొంతు కలిపి అంటా, ఫోన్లో రికార్డు చేసుకుని పక్కపక్కన పెట్టి వింటా. మన గొంతు మనకి వినడం కష్టమే అనుకోండి. వారమంతా అదే ముక్క.

మాటలు గుర్తుపెట్టుకోవడానికి అంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్ వాడతా. ఒంటి మాట రాసుకోకుండా చిన్న వాక్యం మొత్తం రాసుకుంటా. అర్థాలకి నేవర్ డిక్షనరీ. పపాగోలో వాక్యం పెడితే అనువాదం బాగానే ఇస్తుంది గానీ, ముందు మన బుర్ర పెట్టాకే దాన్ని తెరవాలి. కింగ్ సెజోంగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ ఆన్‌లైన్ పాఠాలు ఉచితం, వరసగా ఉంటాయి. పది ఛానళ్ళు పట్టుకుని తిరిగేకన్నా ఒక పాఠం వరస పట్టుకో.

మల్లీ, నీ గంటలో సగం పాఠానికి, సగం వినడానికి పెట్టు. గీతల డబ్బాలు, రంగు పెన్నులతో నోట్సు అందంగా తయారుచేయడం చదువు కిందకి రాదు.

పొదిలి పెద్దాయన:
అంతా బాగుంది. దీనివల్ల పిల్లకి ఉద్యోగం వస్తుందా రాదా, అది చెప్పండి ముందు.

తడ నైట్ షిఫ్ట్:
బాబాయ్, ఉన్న మాట చెప్తా. భాష ఒక్కటే పట్టుకుని వస్తే ట్రాన్స్‌లేటర్ ఉద్యోగం ఒక్కటే ఉంటుంది. దానికి మాత్రం గట్టిగా రావాలి, మా దగ్గర టోపిక్ అనే కొరియన్ భాషా పరీక్షలో నాలుగో లెవెల్‌కి తక్కువైతే పిలవడం లేదు. అయితే ఈ అమ్మాయిది బీకాం. అకౌంట్స్, కొనుగోళ్ళు, హెచ్‌ఆర్ లాంటి పనుల్లో ఉండి, కొరియన్ మెయిల్ చదివి విషయం చెప్పగలిగితే ఆ మనిషికి విలువ వేరు. శ్రీసిటీ ఒకటే కాదు, పెనుకొండలో కియా ఉంది, చెన్నై అవతల శ్రీపెరుంబుదూరు వైపు హ్యుందాయ్, శామ్‌సంగ్ ఉన్నాయి, వాటికి విడిభాగాలు చేసే కంపెనీలు బోలెడు.

కావలి కుర్రోడు:
మా ఊళ్ళో ఒకాయన మూడు నెలల కొరియన్ కోర్సు, ఈపీఎస్ పరీక్ష, కొరియా ఫ్యాక్టరీలో ఉద్యోగం అని ప్యాకేజీ చెప్తున్నాడు. అడ్వాన్స్ కట్టమంటున్నాడు. చేరొచ్చా?

దర్శి దారి:
ఆగు ఆగు. పైసా కట్టకు. ఈపీఎస్ అనేది బయటి దేశాల కార్మికుల్ని పనికి తీసుకోవడానికి కొరియా ప్రభుత్వం 2004 నుంచి నడుపుతున్న పద్ధతి. ఒప్పందం చేసుకున్న దేశాల నుంచే మనుషుల్ని తీసుకుంటారు. నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆ జాబితాలో ఉన్నాయి, ఇండియా లేదు. లేని దారికి టికెట్ అమ్ముతున్నాడు ఆయన. నేపాల్ వాళ్ళ వీడియోలు చూపించి నమ్మిస్తారు, మా వైపూ ఇదే జరిగింది.

కావలి కుర్రోడు:
అమ్మో. ఇంట్లో చెప్తా. థాంక్స్ అన్నా.

లాయర్‌పేట లైబ్రరీ:
ఇండియా వాళ్ళకి పనికొచ్చేది మామూలు టోపిక్. మొత్తం ఆరు లెవెళ్ళు. మొదటి రెండూ టోపిక్ 1 అనే పరీక్షలో వస్తాయి, వినడం 30 ప్రశ్నలు, చదవడం 40 ప్రశ్నలు, 100 నిమిషాలు, 200 మార్కులు. 80 వస్తే ఒకటో లెవెల్, 140 వస్తే రెండో లెవెల్. రాయడం, మాట్లాడడం ఉండవు. మూడు నుంచి ఆరు దాకా టోపిక్ 2, అందులో వ్యాసం కూడా రాయాలి. సర్టిఫికెట్ రెండేళ్ళే చెల్లుతుంది, కాబట్టి సరదాకి ముందే రాసి పెట్టుకోవద్దు. పాత ప్రశ్నపత్రాలు టోపిక్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకటో లెవెల్‌కి సుమారు 800 మాటలు, రెండో దానికి 1,500 నుంచి 2,000 దాకా కావాలి.

మాటలు పెంచుకోవడానికి ఒక దారి. వాళ్ళ భాషలో చైనా మూలం నుంచి వచ్చినవి చాలా ఎక్కువ, మనకి సంస్కృతం ఎట్టాగో అట్టా. ‘హక్’ అంటే చదువు. హక్క్యో బడి, హక్‌సెంగ్ విద్యార్థి, తెహక్క్యో యూనివర్సిటీ. విద్య తెలిస్తే విద్యార్థి, విద్యాలయం తెలిసినట్టు ఒక ముక్కతో నాలుగు మాటలు వస్తాయి.

మూలాపేట మల్లి:
వారం అయింది. లిపి కూడబలుక్కుని చదువుతున్నా. మీరు చదవగలగాలని ఇక్కడ తెలుగు అక్షరాల్లో పెడుతున్నా, నోట్సులో మాత్రం హంగుల్‌లోనే రాశా, తిట్టకండి. మేనేజర్‌ని కలిస్తే ఏమంటానో ఊహించుకుని రాశా:
‘అన్యొంగ్‌హసెయో. చొనున్ మల్లియెయో. నెల్లూరుఎ సరయో. హంగుగొరుల్ కొంగ్‌బుహెయో. తంగ్‌షినున్ హంగుక్ సారమియెయో?’

మైపాడు గాలి:
సూపర్ మల్లీ! నాకు చివరిది తప్ప అన్నీ అర్థమయ్యాయి.

తడ నైట్ షిఫ్ట్:
మొదటి నాలుగూ (నమస్తే, నేను మల్లిని, నెల్లూరులో ఉంటా, కొరియన్ చదువుతున్నా) బాగున్నాయి. ‘నెల్లూరుఎ’లో ఆ ‘ఎ’ మన ‘లో’, సరిగ్గా పెట్టావు. ఐదోది, ‘మీరు కొరియా మనిషా?’ అన్నది, మార్చాలి. డిక్షనరీలో తంగ్‌షిన్ అంటే మీరు అని ఉంటుంది, నిజమే. కానీ ఎదురుగా ఉన్న పెద్దమనిషిని అట్టా అంటే పోట్లాటకి దిగినట్టుంటుంది. మొగుడూ పెళ్ళాలు అనుకుంటారు, లేకపోతే రోడ్డు మీద తగువులో వినపడుతుంది. వాళ్ళు మీరు అనే మాటని వీలైనంత వదిలేస్తారు. హోదా చెప్పి చివర ‘నిమ్’ తగిలించు. టీచరైతే సొన్‌సెంగ్‌నిమ్, మేనేజరైతే పుజాంగ్‌నిమ్. మనం ‘మాస్టారూ’, ‘మేనేజర్ గారూ’ అని పిలిచి మీరు అనకుండానే మాట్లాడేస్తాం కదా. హోటల్లో వడ్డించే ఆవిడని అయితే ‘ఇమో’ అంటారు, అంటే పిన్ని.

‘సారమ్’ అంటే మనిషి. దాని బదులు ‘పున్’ పెట్టు, గౌరవం వస్తుంది. చివర ‘ఇయెయో’ కూడా ‘ఇసెయో’ అవుతుంది. మొత్తం కలిపి ‘హంగుక్ పునిసెయో?’, కొరియా వారాండీ అని. ఆదివారం నాకు సెలవు. ఈ ఐదు వాక్యాలూ నీ గొంతుతో రికార్డు చేసి పెట్టు, ‘కొంగ్‌బు’లో ఆ మొదటి హల్లు ఎట్టా వస్తుందో వినాలి.